లోపలి జేబు

చిన్నోడా, నీ డ్యూటీ అయ్యి నువ్వొచ్చేసరికి నేను బస్సెక్కేసి ఉంటాను. నాన్నకి ఇప్పుడే కునుకు పట్టింది, లేపకు.

లేచాక కూర్చోబెట్టేటప్పుడు, గాల్‌బ్లాడర్‌కి పెట్టిన గొట్టం నీ చేతికి తగిలి లాగకుండా చూసుకో. గొట్టంలోంచి పసరు దిగే సంచి ఎప్పుడూ నడుముకి కిందే ఉండాలి. సగం నిండగానే వంపెయ్యి. వంపేటప్పుడు మొహం తిప్పుకోకు. మొన్న నువ్వు తిప్పుకోవడం ఆయన చూశారు. ఆ పూట ముద్ద మింగలేదు.

గొట్టం ఎప్పుడు తీస్తారని నాన్న అడిగితే, గుండె కాస్త కుదుటపడ్డాక ఆపరేషన్ చేసి తీసేస్తారని చెప్పు. ఆ గుండె ఆపరేషన్‌కి తట్టుకోదని, గొట్టం ఇక ఉండిపోతుందని డాక్టరు మనతో అన్న మాట మాత్రం బయటికి రానివ్వకు. నీ నోట్లో నువ్వుగింజ నానదు, అదే నా భయం.

అక్క

ఇంకో మాట. నిన్న నేను పెరట్లో బట్టలుతుకుతుంటే కుట్టుమిషను చప్పుడు వినిపించింది. దర్జీ చేతులు కదా, ఊరుకోవు. వచ్చి చూస్తే సంచి పెట్టుకోడానికని తన చొక్కాలన్నిటికీ కింది అంచు దగ్గర లోపలివైపు జేబులు కుట్టేసుకున్నారు. కొత్త తెల్ల చొక్కా ఒక్కటే మడిచి పక్కన పెట్టారు.

"దీనికి కుట్టలేదేం నాన్నా?" అన్నాను.

"అది ఆఖర్న మీరు నాకు తొడిగేది తల్లీ. అప్పటికి సంచి ఉండదుగా" అన్నారు.

అయినా అడిగితే, పైన రాసిందే చెప్పు.