పటంలో చూపని షెడ్డు

ప్లానింగ్ అధికారి గారికి,

మా అమ్మాయి మార్లీన్, అల్లుడు డ్వేన్ పెరట్లో ఒక చిన్న ఇల్లు కట్టడానికి మీ అనుమతి అడిగారు. నిరుడు ఇల్లు వాళ్ల పేర రాసిచ్చాను కాబట్టి నా సంతకం అక్కర్లేదట.

"అతిథుల కోసం నాన్నా," అంది అమ్మాయి.

"మన అతిథులకు స్నానాలగదిలో ముసలాళ్లు పట్టుకునే కమ్మీలెందుకే?"

"నీకన్నీ అనుమానాలే!" అని నవ్వింది. అల్లుడు నవ్వలేదు. నన్ను అందులోకి తోసి పెద్దింట్లో వాళ్లుంటారు.

స్థలంలో నలభై శాతం మించి కట్టకూడదని మీ నిబంధన. ఒరెగాన్ వానకు నా పుస్తకాలు తడవకుండా 1981లో అనుమతి లేకుండా నేను కట్టిన షెడ్డును వాళ్లు మీకిచ్చిన పటంలో చూపలేదు. దాన్ని కలిపితే నలభై మూడు. వచ్చి కొలవండి. నాకు జరిమానా వేయండి. కూల్చమని మాత్రం ఆదేశించకండి. అది పోతే వాళ్లకు చోటు దొరుకుతుంది. అల్లుడు మొన్ననే పెద్ద సుత్తి కొన్నాడు.

ఇట్లు,
ప్రస్తుతానికి పెద్దింట్లోనే ఉన్న పాత యజమాని