గొంగడి కింది గుండె

సూర్యాపేట,
శ్రావణం, 1949

తమ్ముడు యాదగిరికి,

మిర్యాలగూడలో నీ పశువుల దవాఖాన వదిలి ఒక్కపూట రావాలి. ఎందుకో ఎవరికీ చెప్పకు.

మా అత్తమ్మ ఆయాసమంటే కోదాడ డాక్టరును పిలిపించాం. పరాయి మగవాడు తాకడమేమిటని ఆమె గొంగడి కప్పుకుని, గుండె చూసే గొట్టం చివర తానే లోపలికి తీసుకుంది. విన్న డాక్టరు అదిరిపోయాడు. గుండె మనిషికి ఉండాల్సిన దానికి రెండింతల వేగంగా కొట్టుకుంటోందట, మధ్యలో గురగురమని మరో చప్పుడట. ఇక అత్తమ్మకు ఉప్పు బంద్, మంచం దిగడం బంద్. మీ బావ కళ్లు తుడుచుకుంటూ పండ్లు తెప్పిస్తున్నారు.

నిన్న గొంగడి దులపబోతే లోపల పిల్లి ఉంది. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"లొల్లి జెయ్యకు బిడ్డా. గొట్టం దీనికే పెట్టిన. శాన దినాల సంది రొప్పుతున్నది. పిల్లికని పిలిస్తే ఏ డాక్టర్ వస్తడు?"

"మరి మందు?"

"దీనికే పోస్తున్న. పండ్లు మాత్రం నేనే తింటున్న."

పిల్లి గుండె సహజంగానే అంత వేగమా? ఆ చప్పుడు రోగమా, లేక ఒళ్లో హాయిగా గుర్రుమనడమా? ఇంత చదివీ నాకు తెలియదు. మందు సీసా దాచేశాను. అది తప్పేమో కూడా తెలియదు.

బర్రెను చూడ్డానికి వచ్చానని బావతో చెప్పు. ముందు పిల్లిని చూడు. తర్వాత ఎట్లాగైనా ఒప్పించి అత్తమ్మకూ గొట్టం పెట్టు. పిల్లిని ఎత్తుకుని లేవబోతూ ఆమె కూడా అట్లాగే రొప్పింది. ఆమె గుండెను ఇంతవరకు ఎవరూ వినలేదు.

నీ అక్క