నువ్వు ఆపిన చోటు

కళావతీ,

ఇక్కడ నాతో ఉండే పెంచల్ ఊరికొస్తుంటే అతని చేతికి ఈ ఉత్తరమిస్తున్నాను. ఫోనుండగా ఉత్తరమేందని నవ్వబాక.

నేను కారు తోలే ఇంగ్లీషు పెద్దాయన గురించి చెప్పాను కదా. లండన్‌లో ఎందరో పాటగాళ్ళకు హిట్ పాటలు రికార్డు చేసిపెట్టి, ఇప్పుడు ఈ అరబ్బుల దేశంలో, రుమైథియాలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆ రోజుల్లో ఏ పాటైనా మామూలు కారులో విని, బాగుంటేనే బయటికి వదిలేవాడంట. ఇప్పటికీ కారెక్కగానే ఏదో ఒకటి పెట్టమంటాడు. నిన్న పాట పెట్టబోతే పొరపాటున నీ వాయిస్ మెసేజీ మోగింది. "అందరం బాగుండాం, నువ్వేం దిగులు పడబాక" అన్నావే, అదే. ఆపబోతే వద్దని, కండ్లు మూసుకుని మళ్ళీ వేయించుకున్నాడు.

"ఈమె మధ్యలో రికార్డింగ్ ఆపి, ఏడ్చి, మళ్ళీ మొదలుపెట్టింది" అన్నాడు.

"లేదు సార్, జలుబు చేసుండాది" అన్నాను.

"నీ భాష నాకు రాదు. కానీ ఊపిరి తెగి అతుక్కున్న చోటు తెలుస్తుంది. పాటల్లో ఆ అతుకులు వినపడకుండా చెయ్యడమే ఇన్నేండ్లూ నా పని" అన్నాడు.

కళా, ఇకమీదట ఆపబాక. ఏడుపొస్తే ఏడువు, నేను వింటాను.

ఈ మాట ఫోన్లోనే వాయిస్ మెసేజీగా చెబుదామని కూర్చున్నాను. నేనూ ఆపి ఆపి మాట్లాడాల్సి వచ్చింది. అందుకే రాశాను.