గడియారం చుట్టిన కాగితం

తమ్ముడికి, పెద్దక్క ఆశీస్సులు.

ఈ రోజు ఆరింటికి ప్రార్థన ముగించి, టీకి నీళ్లు పెట్టి, నువ్వు బాగుచేసి పంపిన అలారం గడియారం పొట్లం విప్పాను. చుట్టిన కాగితం నిండా నీ చేతిరాత. ఎడమవైపు ఏదో పరభాష. కుడివైపు మన భాషలో, "నేను మాట్లాడి ఉంటే, నువ్వు మాట్లాడి ఉంటే, ఆమె మాట్లాడి ఉంటే". కింద "నేను తిని ఉంటే". ఆ కింద "వాళ్లు జీవించి ఉంటే". టీ నీళ్లు ఇగిరిపోయాయి.

చెల్లితో ఆరేళ్లుగా మాటల్లేవని ఇంత కుమిలిపోతున్నావా? వేళకు తింటున్నావా?

నీ అక్క

తా.క. తినడానికి డబ్బా నిండా పిండివంటలు పంపాను. పోయినవాళ్లెవరో రాస్తే ప్రార్థనలో చేర్చుకుంటాను.

---

పెద్దక్కకు నమస్కారాలు.

ఎవరూ పోలేదు. అది నా హోంవర్కు. నెలాఖరున అమ్మాయి పెళ్లి కదా, వియ్యపురాలికి స్పానిష్ తప్ప రాదు. అందుకే వాచీల దుకాణం మూశాక క్లాసుకు వెళ్తున్నాను. జరగనిదాన్ని "జరిగి ఉంటే" అనడానికి వాళ్లకు ఉబియెరా, ఉబియెరాస్ అంటూ ఒక వరస ఉంది. మనిషిని బట్టి అది మారుతుంది. వెనక తగిలించే ఆబ్లాదో, అంటే మాట్లాడటం, ఎవరికైనా ఒకటే.

కాగితం చెల్లికి చూపించకు. నేను దిగివచ్చాననుకుంటుంది. అప్పట్లో దాని ఇంటర్వ్యూ పోయింది నేను బాగుచేసిచ్చిన వాచీ వల్ల కాదు.

తమ్ముడు

తా.క. డబ్బా ఖాళీ. హోంవర్కే అయినా ఇంకోటి పంపు.

---

తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చేసరికే చూపించేశాను. చదివి, మడిచి, సంచిలో దాచుకుంది. ఆ రోజు నుంచి నీ కూతురికి పెళ్లి గౌను కుడుతోంది. నిజం చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

అక్క

తా.క. వియ్యపురాలి కోసం ఓ భాషంతా నేర్చుకుంటున్నావు. చెల్లితో మాట్లాడటానికి ఏ భాష కావాలి నీకు?

---

అక్కా,

చెప్పెయ్. అది హోంవర్కేనని చెప్పు. వాచీ పది నిమిషాలు వెనకే నడిచిందనీ చెప్పు. ఆ రోజే ఒప్పుకుని ఉంటే... ఈ ముక్క స్పానిష్‌లో అయితే రాయగలను.

తమ్ముడు

తా.క. గౌను కుట్టడం అయ్యాకే చెప్పు.

---

తమ్ముడికి ఆశీస్సులు.

గౌను అయింది, చెప్పాను. చిన్నది నవ్వింది. "పైన ఎర్ర సిరాతో పద్దెనిమిదికి ఆరు మార్కులని ఉంటే హోంవర్కని తెలీదా అక్కా? తినడం తప్పు, జీవించడం తప్పు. మాట్లాడటం ఒక్కటే ఆరుకు ఆరూ ఒప్పు. అన్నయ్యకు అదైనా వచ్చుగా" అంది.

సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని అనుకున్నాం. పెళ్లికి రెండు రోజుల ముందే వస్తాం. చిన్నది నీ ఇంట్లోనే దిగుతుంది. వాచీ మాట నువ్వే ఎత్తాలి, మన భాషలో.

అక్క

తా.క. రైలుకు గంట ముందే బయలుదేరుతున్నాం. ఇంట్లో ఉన్నది నువ్వు బాగుచేసిన గడియారమే కదా.