చారల కొమ్మ కింద

కడియం
ఆగస్టు

ప్రియమైన సూర్యకళా,

కవరు విప్పేటప్పుడు జాగ్రత్త, లోపల మూడు ఆకులున్నాయి. ఫోటోలు పంపొచ్చు గానీ, బాటనీ లెక్చరరువి, ఆకు చేత్తో పట్టుకుంటే తప్ప నమ్మవు. ఒకటి పచ్చది, ఒకటి పాలలా తెల్లది, ఒకటి పచ్చ మీద తెల్ల చారలది. మూడూ ఒకే చంద్రకాంత మొక్కవే! నేను కాపురానికి వచ్చేటప్పుడు మా అమ్మ లోవమ్మ కొంగున కట్టి ఇచ్చిన గింజల సంతతి అది. ఒక్కో కొమ్మకి ఒక్కో రంగు ఆకు. మొన్నొక పొద్దున చూసి ఎగిరి గంతేశాను.

మా బావగారు బంగార్రాజు గారు నీకు తెలుసుగా. నర్సరీ అంతా ఆయన చేతిలోనే, నాకున్నది ఈ ఒక్క మడి. దాని మీద కూడా ఆయన కన్ను పడింది. "జనవరి పూల ప్రదర్శన లోపల గింజ నుంచి ఈ చారల మొక్క మొలిపించి చూపించు వేణమ్మా, మడి నీదే. లేకపోతే క్రోటన్లు వేసేస్తాను. మొలిస్తే మాత్రం మన ఇంటిపేరే పెట్టాలి" అన్నారు.

మందారాలకి చేసినట్టే చేశాను. బలంగా ఉన్న పచ్చ కొమ్మని తల్లి చేసి, దాని పూలకి చారల కొమ్మ పుప్పొడి అద్దాను. తల్లి నుంచి బలం, తండ్రి నుంచి రంగు. మా నర్సరీలో ఇదే పద్ధతి. నా మడి నాకు దక్కుతుందంటావా?

నీ వీరవేణి

జంగారెడ్డిగూడెం
ఆగస్టు

ప్రియమైన వేణీ,

కవరు విప్పి స్టాఫ్ రూములో కేక పెట్టాను. ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే మొక్కని నువ్వు పెరట్లో పెంచుతున్నావే తల్లీ!

ఆకు కణాల్లో పచ్చని రేణువులుంటాయి. ప్లాస్టిడ్లంటాం. ఎండతో మొక్కకి అన్నం వండేవి అవే. కణం నడుమ కేంద్రకంలో ఉండేది కాక, వాటికంటూ సొంత డీఎన్‌ఏ కొంచెం ఉంటుంది. అది చెడితే ఆ రేణువు పచ్చబడదు. మంచివీ చెడినవీ కలిసి పంచుకున్న కొమ్మకి చారలొస్తాయి. అసలు సంగతి ఇప్పుడు విను. చంద్రకాంతలో పుప్పొడి ఈ రేణువుల్ని మోసుకురాదు. పిల్లమొక్కకి అవి తల్లి వైపు నుంచే రావాలి.

అంటే నీ గింజలన్నీ పచ్చగానే మొలుస్తాయి. నన్ను తిట్టుకోకు. ఈసారి చారల కొమ్మకి కాసిన గింజలు ఏరు. తండ్రి ఎవరైనా ఫర్వాలేదు. ఏం మొలిచిందో వెంటనే రాయి, ఇక్కడ నాకు పాఠం చెప్పబుద్ధి కావడం లేదు.

నీ సూర్యకళ

కడియం
అక్టోబరు

ప్రియమైన సూర్యా,

నువ్వన్నట్టే నేను పుప్పొడి అద్దిన పూల గింజలన్నీ పచ్చగా మొలిచాయి. బావగారు "ఇదేంటమ్మా, పచ్చ మొక్క పచ్చదాన్నే కన్నది, దీనికింత హడావిడా?" అని నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అయితే అది పాత కబురు. చారల కొమ్మ గింజలు ఏరమన్నావు గానీ నాకు ఆశ ఎక్కువైంది. కొంచెం తెలుపున్న కొమ్మే చారలిస్తే, పూర్తిగా తెల్లదైతే ఇంకా గొప్పది రాదా? తెల్ల కొమ్మ గింజలే ట్రేలో వేశాను. మొలిచాయే! ఒక్క పచ్చ చుక్క లేదు, ట్రే నిండా మల్లెమొగ్గలు పరిచినట్టుంది. బావగారు నోరెళ్ళబెట్టి, వ్యాపారుల్ని రమ్మని అప్పుడే ఫోన్లు చేసేశారు. మడి నాదేనన్నారు! వాళ్ళొచ్చేలోగా మడి శుభ్రంగా ఉండాలని గంగయ్యని కలుపు తీయడానికి రమ్మన్నాను.

నా ఫోన్ నీళ్ళ తొట్టిలో పడి చచ్చింది. ఉత్తరమే రాయి.

ఆనందం పట్టలేని నీ వేణి

జంగారెడ్డిగూడెం
అక్టోబరు

ప్రియమైన వేణీ,

మీవారి నంబరు నా దగ్గర లేదు, అందుకే మా క్లర్కు శ్యాంబాబు గారు రాజమండ్రి వెళుతుంటే, కడియం దాకా వెళ్ళి నీ చేతికే ఇమ్మని బతిమాలి ఇది పంపుతున్నాను. నిలబడే చదువు.

ఆ తెల్ల మొలకలు బతకవే. అన్నం వండే రేణువులే వాటిలో లేవు. గింజలో దాచుకున్న తిండి ఉన్నన్నాళ్ళే నిలబడతాయి. తెల్ల కొమ్మ బతికిందంటే పక్కన పచ్చ కొమ్మ పెడుతోంది కాబట్టి. బావగారికి ఇప్పుడే చెప్పెయ్, వాళ్ళ ముందు తలవంపులు వద్దు.

కానీ ఇంకా ఆశ ఉంది! చారల కొమ్మ గింజలు నువ్వు ఏరలేదుగా, ఏమయ్యాయి? చంద్రకాంత గింజలు పండితే కిందే రాలతాయి, రాలినచోటే మొలుస్తాయి. గంగయ్యని ఆపు! ఆ కొమ్మ కింద ఒక్క మొలక కూడా పీకనివ్వకు.

నీ సూర్యకళ

కడియం
నవంబరు

ప్రియమైన సూర్యా,

నీ ఉత్తరం, గంగయ్య బొరిగె ఒకేసారి చారల కొమ్మ దగ్గరికి వచ్చాయి. అప్పటికే సగం మడి శుభ్రం చేసేశాడు. "ఆగు!" అని నేను అరిచిన అరుపుకి బొరిగె వదిలేసి "పామాండి అమ్మగారూ?" అని గట్టు మీదికి దూకాడు.

ట్రేలోవి నువ్వు చెప్పినట్టే ఒక్కొక్కటీ వాలిపోయాయి. ఏడ్చాను. బావగారు మళ్ళీ ఫోన్లు చేసి వ్యాపారులందర్నీ రావద్దన్నారు.

రోజూ ఆ కొమ్మ కిందే కూర్చున్నాను. రాలిన గింజలు మొలిచాయి. కొన్ని పచ్చవి, కొన్ని పాపం తెల్లవి, మిగతావి చారలవి! నాలుగో ఆకు వచ్చినా చారలు పోలేదు. కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశారు బావగారు.

"ఏ మొక్క పుప్పొడి వేశావమ్మా?"

"నేనేం వెయ్యలేదండి. సాయంత్రాలు ఏ రెక్కల పురుగు తెచ్చిందో."

"తండ్రెవరో తెలీనిదానికి మన ఇంటిపేరెలా పెడతాం?" అన్నారు ఆయనే!

"అందుకేనండి, చారలు తల్లి నుంచే వస్తాయంట. మా అమ్మ పేరు పెడదాం" అన్నాను. ఆయన గంగయ్యని పిలిచి మడి చుట్టూ కంచె కట్టమన్నారు. మడి నాదే సూర్యా!

మావారి ఫోన్‌లో అమ్మకి చెబితే, "నా పేరెందుకే, ఆ గింజలు మా అమ్మ నా కొంగున కట్టినవి" అంది. ఆ మాట బావగారికి చేరవేశాను. బోర్డు మీద "లోవమ్మ" అని రాయబోతున్నవారల్లా కుంచె ఆపి, నా వైపు తిరిగి అడిగారు:

"మీ అమ్మమ్మగారి పేరేంటమ్మా?"

నీ వీరవేణి