గొంతు మీద వేలు

స్టోర్‌హోల్మ్ దీవి, ఏప్రిల్ 3

ప్రియమైన బోర్గిల్ అక్కకి,

నువ్వు పంపిన ఉన్ని మఫ్లరు అందింది. అల్లిక చూస్తే ముచ్చటేసింది. కట్టుకున్న పావుగంటకి చచ్చి బతికాను. నా గొంతుకి కన్నం పెట్టి గొట్టం బిగించి రెండేళ్లయింది, నేను ఊపిరి పీల్చేది అందులోంచే అని నీకు ఎన్నిసార్లు చెప్పాలక్కా? ఉన్ని నూగు లోపలికి పోయి, దగ్గి దగ్గి కళ్లు తేలేశాను. కఫం లాగే మిషను పెట్టుకుంటే గానీ తెరిపిన పడలేదు. మన నార్వే వాళ్లకి జలుబుకీ ఉన్నే మందు, దిగులుకీ ఉన్నే మందు.

ఇక్కడ చేపల కొట్టు ఎయ్‌విన్ సంగతి సరేసరి. గొంతుతోపాటు నా చెవులూ పోయాయనుకుంటాడు. "చేప... కావాలా... ఓడ్నీ?" అని రేవంతా వినబడేలా అరుస్తాడు. గొట్టం మీద వేలు పెడితేనే కదా నాకు మాట వచ్చేది. పెట్టి, "అరవకురా, చచ్చిన చేప లేచి కూర్చుంటుంది" అన్నాను.

వచ్చే నెల నీ మనవరాలు తీరిల్ చర్చిలో తన విశ్వాసం ఒప్పుకునే కన్ఫర్మేషన్ పండగ కదా. విందులో జ్ఞానతల్లిగా మాట్లాడేది నేనే. ఆ పిల్ల బాప్తిస్మం రోజున ఇచ్చిన మాట అది.

ఫోను చెయ్యడం మానేశావేం? నువ్వు మాట్లాడితే చాలు, నేను వింటాను.

నీ ఓడ్నీ


బెర్గెన్, ఏప్రిల్ 12

ప్రియమైన ఓడ్నీ,

కోపం తెచ్చుకోకు. ఉన్ని పడకపోతే మానెయ్. పండగ చొక్కా కాలరు మాత్రం వెండి పిన్నుతో మూసుకో. మన ఇంట్లో ఎవరూ కాలరు తెరుచుకుని విందుకి కూర్చోలేదు. నువ్వు చెప్పదలుచుకున్నది రాసి పంపు, మా అబ్బాయి స్తైనార్ చదువుతాడు. నువ్వు మధ్యలో దగ్గితే పిల్లలు బెదురుతారు. ఫోనుకి తీరిక ఉండటం లేదు.

ఉంటాను మరి,
బోర్గిల్


స్టోర్‌హోల్మ్ దీవి, మే 15

అక్కా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ పిన్ను పెడితే నా ఊపిరి ఆగుతుంది, అందుకే పెట్టలేదు. విందులో లేచాను, వేలు పెట్టి మాట్లాడాను. నాలుగో మాటకే దగ్గొచ్చింది. మెడకి గుడ్డ అడ్డం పెట్టుకుని, తుడుచుకుని, మళ్లీ మొదలెట్టాను. నలభై మంది చెంచాలు దించి ఆగారు. ఏ పిల్లా బెదరలేదు. తీరిల్ చెల్లెలైతే దగ్గరికొచ్చి, "వేలు తీసి మాట్లాడి చూపించవా" అంది. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది నువ్వొక్కదానివే.

నేనంటే నీకు అంత రోతా? బయల్దేరేటప్పుడు కూడా ఒక్క మాట లేదు, తల ఊపావంతే. బళ్లో నన్ను ఏడిపించినవాళ్ల జుట్టు పట్టుకున్న అక్కవి. ఇవాళ నన్ను చూసి నువ్వే సిగ్గుపడుతున్నావు. రోజుకి రెండుసార్లు గొట్టం తీసి తోముకోవడానికి నాకు విసుగు రాలేదు గానీ, నీతో మాత్రం విసిగిపోయాను. జవాబు రాయకపోయినా సరే.

ఓడ్నీ


బెర్గెన్, మే 22

ప్రియమైన చెల్లీ,

సిగ్గు కాదే. భయం.

జనవరి నుంచి నా గొంతు బొంగురుపోయింది. మార్చిలో గడ్డ అన్నారు. ఫోను చేస్తే పట్టేస్తావని మానేశాను. ఆపరేషను చేసి, నీకున్నట్టే గొట్టం పెట్టాలన్నారు. వద్దన్నాను. అలా బతికేకంటే పోవడమే నయమని డాక్టరు మొహం మీదే చెప్పొచ్చాను. నీ మెడ నా కళ్లబడకపోతే ఆ మాట మీదే ఉండిపోగలననుకున్నాను.

విందులో నీకు దగ్గొచ్చినప్పుడు, ఇక కూర్చుంటావనుకున్నాను. చూడలేక వంటింట్లోకి వెళ్లాను. తలుపు వెనక నిలబడితే, ఎక్కడ ఆగావో అక్కణ్ణించే మళ్లీ అందుకున్నావు. చివరిదాకా విన్నాను. ఏడ్చాను. బయటికొచ్చి నీతో మాట్లాడదామంటే నా గొంతు నీకు వినబడుతుందని తల ఊపి ఊరుకున్నాను.

నిన్న ఆసుపత్రికి వెళ్లి సరే అన్నాను. జూన్ నాలుగున చేస్తారు. స్తైనార్‌కి ఇంకా చెప్పలేదు, ముందు నీకే చెబుతున్నాను. తెలివి వచ్చేసరికి మాట రాదట, బాగా కంగారు పడతారట. అప్పుడు నా పక్కన నువ్వుండాలి ఓడ్నీ. వచ్చి ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు, ఎదురు చెప్పలేను కదా.

నీ అక్క