రోడ్డువైపు గది ఎవరికి

కొడిమ్యాలలో పుట్టి, ఇరవై ఎనిమిదేళ్ళు పటాలంలో కలం పట్టి, సుబేదారు క్లర్కుగా దిగి, ప్రస్తుతం జగిత్యాలలో కాపురముంటున్న జగన్మోహన్ రావు అను నేను, వయస్సు డెబ్బై నాలుగు, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. షుగరుంది, మోకాళ్ళు మాట వినవు. మతి మాత్రం నిక్షేపంగా ఉంది. అనుమానమున్నవాళ్ళు నా సర్వీసు నంబరు అడిగి చూడవచ్చు. ఇంతకుముందు రాసిన వీలునామా ఏదైనా దీనితో రద్దు.

1. నా భార్య శారదకు: రోడ్డువైపు గది తప్ప, నా స్వార్జితమైన జగిత్యాల ఇల్లు మొత్తం. ఆమె తదనంతరం అది మా కూతురు ఇంద్రజకు. నా తర్వాత శారదకు రావలసిన ఫ్యామిలీ పెన్షన్ కాగితాలన్నీ పచ్చ ఫైలులో సరిగ్గా ఉన్నాయి. అందులోని జంట ఫోటోలో నవ్వలేదని ఆమెను నలభై ఏళ్ళుగా దెప్పుతున్నాను. ఇక దెప్పను. ఆ ఫోటోలో ఆమే బాగుంది.

2. నా కొడుకు సాకేత్ రావుకు: కొడిమ్యాలలో నా వాటాకు వచ్చిన మూడెకరాల పొలం, బోరుతో సహా. రోడ్డువైపు గదిని సెల్‌ఫోన్ దుకాణానికి కిరాయికిద్దామని మూడేళ్ళుగా నా ప్రాణం తీస్తున్నాడు. "డాడీ, గంత మంచి మడిగెల ముసలోళ్ళను కూసోబెడుతున్నవ్" అంటాడు. నేను పోయిన మర్నాడే వాళ్ళు కూర్చునే బెంచీలు రోడ్డున పడతాయని నా భయం. ఈ వీలునామా రాయడానికి కారణమే అది.

3. సదరు రోడ్డువైపు గది, అందులోని కంప్యూటరు, ప్రింటరు, రెండు బెంచీలు, బీరువాతో సహా, మా పటాలంలో నాయక్ హోదాలో పనిచేసిన కీర్తిశేషుడు సామేలుకు, అతని భార్య బాలవ్వకు బిడ్డ అయిన కళ్యాణికి చెందాలి. కళ్యాణి కోరుట్లలో మీసేవ కేంద్రం నడుపుతుంది. ఆదివారం ఆదివారం ఇక్కడికి వచ్చి మాజీ సైనికులకు, వాళ్ళ భార్యలకు పెన్షన్ దరఖాస్తులు, వైద్యం కార్డులు, బతికున్నట్టు సర్టిఫికెట్లు చేసిపెడుతుంది. ఆ పని జరిగినంతకాలం నా వారసులెవరూ ఆ తలుపు జోలికి పోరాదు.

కంప్యూటరు నడిపేది కళ్యాణి. గదిని నడిపేది బాలవ్వ. ఆమెకు చదువు రాదు. కానీ ఎవరింటికి పోయినా ముందు కాగితాల ట్రంకుపెట్టె తెరిపిస్తుంది, తర్వాతే మంచినీళ్ళు తాగుతుంది. తంగళ్ళపల్లికి చెందిన తిరుపతి అనే మాజీ సైనికుడు ఫిరంగి దళం నుంచి దిగాక సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. చెవుడొస్తే అది సాంచాల చప్పుడు వల్లనే అనుకున్నాం, నాతో సహా. బాలవ్వ అతని కుడి చెవిలో అరిచి అడిగింది: "తమ్మీ, నీ పెండ్లినాడు బాజాలు రెండు చెవులకు ఇనవడ్డయా?" పెళ్ళి నౌకరీలో ఉండగానే అయింది. ఎడమ చెవికి వినపడలేదన్నాడు. పెట్టె అడుగున, ఫిరంగి మోతకు చెవి దెబ్బతిందన్న మిలిటరీ ఆసుపత్రి చీటీ దొరికింది. ఇప్పుడు తిరుపతికి వైకల్య పెన్షన్ వస్తోంది. నా ఇరవై ఎనిమిదేళ్ళ క్లర్కుగిరీకి ఆ ప్రశ్న తట్టలేదు.

మొదట్లో శారద బాలవ్వకు వేరే గ్లాసులో టీ ఇచ్చేది. ఒకరోజు ఆ గ్లాసులో శారదే తాగింది. అప్పట్నుంచి మా ఇంట్లో వేరే గ్లాసు లేదు.

4. ఇక నేను దాచింది. సామేలు మా ఊరివాడే. 1984లో మా పటాలంలో భర్తీ అయ్యాడు. పెళ్ళికానివాళ్ళనే తీసుకునేవారు, మా వైపేమో పెళ్ళి ముందు, నౌకరీ తర్వాత. అప్పటికే కొడిమ్యాల చర్చిలో అతనికి బాలవ్వతో పెళ్ళయింది. "కాలేదని రాయి, వెనుక నేను రికార్డుల ఎక్కిస్త" అన్నది నేనే. తర్వాత నాకు బదిలీ అయింది, మరిచిపోయాను. అబద్ధం బయటపడితే కొంప మునుగుతుందని సామేలు చివరిదాకా నోరెత్తలేదు. 2010లో అతను పోయాక చూస్తే, రికార్డు ప్రకారం అతనికి భార్యే లేదు.

ఫ్యామిలీ పెన్షన్ కోసం బాలవ్వ ఏడేళ్ళు తిరిగింది. పగలు బీడీలు చుట్టి, వారానికో రోజు సైనిక సంక్షేమ ఆఫీసుకని కరీంనగర్ బస్సెక్కి, చర్చి రిజిస్టరు నకలు, పిల్లల బడి కాగితాలు ఒక్కొక్కటే కూడగట్టింది. నేను పెద్దమనిషిలా వెంట నడిచాను, తప్పు నాదని మాత్రం చెప్పలేదు. 2017లో పెన్షన్ మంజూరైంది. మరుసటి వారమే వీర్నపల్లి నుంచి సమ్మక్క అనే మరో సైనికుడి భార్యను వెంటబెట్టుకొచ్చి, "ఈమెది గూడ సూడు" అంది. ఆ రోజే రోడ్డువైపు గది తెరిచాను.

పోయిన నెల బాలవ్వకు నిజం చెప్పాను. బాలవ్వ తలెత్తకుండానే అంది: "ఎర్కనే సుబేదారు సాబు. సామేలు పానం పోకముందే చెప్పిండు. ముడి ఏసినోనికే విప్పుడు తెలుస్తదని నీ ఇంటికచ్చిన."

పదిహేనేళ్ళు తెలిసీ ఒక్కమాట నా మొహాన అనలేదు. సర్వీసులో ఎందరో అధికారులకు నిలబడి సెల్యూట్ కొట్టాను, అది డ్యూటీ. ఆ రోజు ఈమె ముందు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నా జీవితంలో నేను చూసిన పెద్దమనిషి ఈమే.

5. బాలవ్వకు నేను ఏమీ రాయడం లేదు. రాస్తానంటే వద్దంది. "నాకేం రాయకు. నేను సాక్షి సంతకం పెడుత" అంది. ఆస్తి ముట్టేవాళ్ళు సాక్షులుగా ఉంటే రేపు కోర్టులో చిక్కు రావచ్చని వకీలు కూడా చెప్పాడు. అందుకని ఆమె కోరిందే ఇస్తున్నాను. అక్షరాలు కళ్యాణి నేర్పింది. వారం రోజులుగా పాత క్యాలెండర్ల వెనుక తన పేరు రాసి చూసుకుంటోంది.

ఈ వీలునామా అమలు బాధ్యత ఇంద్రజది. పై విషయాలన్నీ నిజమని, ఇద్దరు సాక్షుల ఎదుట చదివి సంతకం చేస్తున్నాను.

జగిత్యాల, 16 నవంబరు 2025
(సం.) జగన్మోహన్ రావు, రిటైర్డ్ సుబేదారు

సాక్షులు:
1. (సం.) భాస్కర్, వకీలు, జగిత్యాల
2. (సం.) బాలవ్వ, కీ.శే. నాయక్ సామేలు భార్య